రాణి ఈగ మాయల ఫకీరు చిలక కాదు: గుంపు పురుగుల గురించి కథల్లో ఒకటి, పట్టులో ఇంకొకటి

క్లుప్తంగా

తేనెపట్టు, చెదల పుట్ట, మిడతల దండు, ఈ మూడింట్లోనూ ఆర్డర్లు వేసేవాళ్లు ఎవరూ ఉండరు. పక్కదాన్ని చూసి, వాసన పట్టి, తగిలి ప్రతి పురుగూ చేసే చిన్న పనులే కలిసి మనకి ఒక పెద్ద ప్లాన్ లాగా కనపడతాయి. కథలు, సినిమాలు మాత్రం గుంపుకి ఒక తలకాయ తగిలిస్తాయి, ఎందుకంటే వాటికి క్లైమాక్స్ కావాలి. ఆ ఊహే ఇప్పుడు అపార్ట్‌మెంట్లో పట్టు పెట్టినప్పుడు జనం తీసుకునే నిర్ణయాల్లోకి కూడా వచ్చేస్తోంది, చిక్కు అక్కడే.

ట్యాంకు కింద నల్ల పరదా

పూతల సీజన్ వచ్చిందంటే బెజవాడ, గుంటూరు అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫొటో తిరగడం మామూలే. ఓవర్‌హెడ్ ట్యాంకు అడుగునో, ఐదో ఫ్లోర్ సన్‌షేడ్ కిందో నల్లగా వేలాడే పట్టు, ఒక్కోసారి మీటరు వెడల్పు దాకా ఉంటుంది. ఆ ఫొటో కింద వచ్చే మాటలు కూడా దాదాపు అవే. పెస్ట్ కంట్రోల్ వాళ్ల నంబరుందా అని ఒకరు, రాత్రి పూట పొగ పెడితే పోతాయి అని ఇంకొకరు, రాణిని చంపేస్తే చాలు మిగతావన్నీ అవే చెల్లాచెదురైపోతాయి అని మూడోవాళ్లు. ఈ మూడో మాట ఎక్కడి నుంచి వచ్చింది, అందులో నిజమెంత అనేదే ఇక్కడ విషయం.

ముందు ఆ పట్టుని కొంచెం దగ్గరగా చూడాలి. ఇది కొండ తేనెటీగ, మన దగ్గరుండే తేనెటీగల్లో పెద్దది. పెట్టెలో పెడితే ఉండదు, చెట్టు తొర్రలోకి పోదు, ఎత్తుగా ఉన్న చోటు చూసుకుని బయటే ఒకే ఒక్క మైనం పలక కడుతుంది. కింద నిలబడి చూసేవాళ్లకి కనపడేది ఆ పలక కాదు, దాని మీద ఒకదాని కాళ్లు ఒకటి పట్టుకుని వరసల మీద వరసలుగా కప్పేసిన ఈగలు. ఒక కందిరీగ దగ్గరికొచ్చిందనుకోండి, ఒక మూల కొన్ని ఈగలు పొట్ట చివర్ని టక్కున పైకెత్తుతాయి, పక్కవి వాటిని చూసి ఎత్తుతాయి, వాటి పక్కవీ ఎత్తుతాయి, సెకను తిరక్కుండా ఆ పరదా మొత్తం మీద ఒక మెరుపు అలలాగా పాకిపోతుంది, క్రికెట్ స్టేడియంలో జనం వేసే వేవ్ అంటే ఇదే. గెరాల్డ్ కాస్ట్‌బర్గర్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త టీమ్ నేపాల్లో దీన్ని వీడియోలు తీసి, ఈ అలలు కందిరీగల్ని నిజంగానే దూరం కొడుతున్నాయని 2008లో చూపించింది.

ఇంత విన్యాసానికి విజిల్ వేసేది ఎవరు అంటే, ఎవరూ లేరు. ఆ టైములో రాణి పరదా వెనకాల చీకట్లో ఖాళీ గది వెతుక్కుంటూ గుడ్లు పెడుతూ ఉంటుంది, బయటికి కందిరీగ వచ్చిందన్న సంగతి కూడా దానికి పట్టదు.

పేరుకే రాణి

ఈ రాణి అనే పేరే సగం గందరగోళానికి మూలం. అరిస్టాటిల్ కాలంలో అయితే దాన్ని రాజు అన్నారు. 1609లో చార్లెస్ బట్లర్ అనే ఇంగ్లిష్ పాదిరీ అది ఆడది అని పుస్తకం రాశాడు, అదే శతాబ్దంలో డచ్ శాస్త్రవేత్త యాన్ స్వామర్‌డామ్ కోసి చూసి లోపల అండాశయాలు ఉన్నాయని తేల్చాడు. రాజు పోయి రాణి వచ్చింది గానీ రాజ్యం అనే ఊహ మాత్రం అలాగే ఉండిపోయింది.

పెట్టెల్లో పెంచే తేనెటీగల్లో రాణి మంచి సీజన్లో రోజుకి 1,500 నుంచి 2,000 గుడ్ల దాకా పెడుతుంది. అది దాని పని. ఇంకో పని కూడా ఉంది, అది తెలిసి చేసేది కాదు. దాని ఒంటి నుంచి ఒక వాసన వస్తుంది, చుట్టూ ఉన్న కూలి ఈగలు దాన్ని నాకి, తర్వాత కలిసిన ఈగలకి అంటిస్తాయి, అలా చేతులు మారి పట్టంతా తిరుగుతుంది. ఆ వాసనకి అర్థం ఒక్కటే, నేను ఉన్నాను అని. ఫలానా పని చెయ్యండి అని అందులో ఏమీ రాసి ఉండదు.

మరి రాణి చచ్చిపోతే? కథల్లో అయితే ఆ క్షణమే సైన్యం మొత్తం కుప్పకూలాలి. నిజంగా జరిగేది ఏంటంటే, కొన్ని గంటల్లో వాసన తగ్గడం కూలీలు పసిగడతాయి, అప్పటికే ఉన్న లేత పిల్ల పురుగుల్లో కొన్నిటిని ఎంచుకుని వాటి గదుల్ని పెద్దవి చేసి రాయల్ జెల్లీ మాత్రమే పెట్టి పెంచుతాయి. గుడ్డు నుంచి రాణి బయటపడటానికి మొత్తం 16 రోజులే. లేత పురుగులు కూడా లేకపోతే కొన్ని కూలి ఈగలే గుడ్లు పెట్టడం మొదలెడతాయి, అవి మగతో కలవని గుడ్లు కాబట్టి వాటిలోంచి పోతుటీగలే వస్తాయి, ఆ పట్టు వారాల మీద నెమ్మదిగా తగ్గిపోతుంది. రెండు దారుల్లోనూ ఆ రోజు అక్కడ నిలబడి రాణిని చంపిన మనిషికి మాత్రం ఏ ఉపయోగమూ లేదు.

ఎందుకంటే కుట్టడానికి రాణి పర్మిషన్ అక్కర్లేదు. కూలి ఈగ ముల్లుకి వెనక్కి తిరిగిన కొక్కేలు ఉంటాయి, చర్మంలో దిగితే ఊడిరాదు, విషం సంచీతో సహా అక్కడే ఉండిపోయి ఈగ పోయాక కూడా విషం కొడుతూనే ఉంటుంది. దాంతో పాటు అలారం వాసన ఒకటి బయటికొస్తుంది. అందులో ముఖ్యమైన పదార్థం ఐసోఅమైల్ ఎసిటేట్, 1962లో కనిపెట్టారు. స్వీట్లలో, ఐస్‌క్రీముల్లో వాడే అరటిపండు ఎసెన్స్‌లో ఉండేది కూడా ఇదే. ఆ వాసన తగిలిన ప్రతి ఈగా దాడికి వస్తుంది, వచ్చి కుట్టిన ప్రతిదీ ఇంకొంచెం వాసన వదులుతుంది. అంటే ఒక ఈగని చేత్తో నలిపేయడం అంటే ఊరంతా దండోరా వేయించుకోవడమే. తేనెతుట్టెని కదిపారు అని పేపర్లో రాజకీయ వార్తలకి హెడ్డింగ్ పెడతారు చూడండి, సైన్సు ప్రకారం అది చాలా కరెక్టు పోలిక, కదపడం వరకే మన చేతిలో ఉంటుంది.

స్కూటీ హ్యాండిల్‌కి ముద్దలాగా

పట్టు వేరు, గుంపు వేరు, ఈ తేడా తెలియకే సగం భయం. పుట్ట తేనెటీగలు, పెట్టె తేనెటీగలు సంసారం పెరిగి ఇరుకైపోయినప్పుడు పాత రాణి సగానికి పైగా కూలీల్ని వెంటేసుకుని బయటికి వచ్చేస్తుంది, కొత్త రాణికి ఇల్లు వదిలేసి. అలా వచ్చినవి దగ్గర్లో కొమ్మకో, గేటుకో, కాంప్లెక్స్ ముందు పార్క్ చేసిన స్కూటీ హ్యాండిల్‌కో ముద్దలాగా వేలాడతాయి. చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ కుట్టే మూడ్ వాటికి తక్కువ. కాపాడుకోవాల్సిన తేనె లేదు, పిల్లలు లేరు, బయల్దేరే ముందే పొట్ట నిండా తేనె పట్టించుకుని ఉంటాయి.

ఆ ముద్ద మీద జరిగేది ప్రకృతిలో చాలా అరుదైన విషయం, ఓటింగు అనొచ్చు. దీన్ని ముందు గమనించింది మార్టిన్ లిండావర్, తేనెటీగల డాన్సు భాష చదివినందుకు 1973లో నోబెల్ తీసుకున్న కార్ల్ ఫాన్ ఫ్రిష్ శిష్యుడు. ముద్ద మీద డాన్సు చేస్తున్న ఈగల ఒంటికి పుప్పొడి లేదు, మట్టీ మసీ దుమ్మూ ఉంది. పూల దగ్గరికెళ్లిన ఈగ ఒంటికి మసి ఎందుకు అంటుతుంది? అవి చిమ్నీలు, గోడ సందులు, తొర్రలు తిరిగి ఇల్లు చూసొచ్చినవి, అద్దె ఇంటి కోసం ఎండలో సందులన్నీ తిరిగి చెమటతో ఇంటికొచ్చిన మనిషి లాగా.

తర్వాత అమెరికాలో థామస్ సీలీ దీన్ని ఏళ్ల తరబడి చూశాడు. సుమారు పదివేల ఈగల గుంపులో ఇల్లు వెతికేవి కొన్ని వందలే. ఒకటి మంచి తొర్ర చూసి వచ్చి ముద్ద మీద ఎనిమిది అంకె ఆకారంలో ఒళ్లు ఊపుతూ నడుస్తుంది. ఆ ఊపుడు నడక నిలువు గీతకి ఎంత కోణంలో ఉందో సూర్యుడికి అంత కోణంలో ఇల్లు ఉంటుంది, ఊపుతూ నడిచిన టైము సుమారుగా సెకనుకి కిలోమీటరు. ఇల్లు బాగుంటే ఎక్కువ రౌండ్లు డాన్సు, అంతంతమాత్రం అయితే రెండు మూడు రౌండ్లు చేసి ఊరుకోవడం. చూసిన ఈగ గుడ్డిగా నమ్మదు, తనే ఎగిరి వెళ్లి చూసుకుని వచ్చి తన లెక్కలో తను డాన్సు చేస్తుంది. వేరే ఇంటి తరఫు ఈగ అయితే డాన్సు చేస్తున్నదాన్ని తలతో గుద్ది కీచుమని సౌండ్ చేస్తుంది, ఇక చాలు ఆపు అన్నట్టు. 2012లో సీలీ, ఆయన టీమ్ ఈ గుద్దుడు ఎందుకో లెక్క తేల్చారు: రెండు ఇళ్లూ సమానంగా బాగున్నప్పుడు గుంపు రెండుగా చీలకుండా ఒకవైపు తెగడానికి ఇది పనికొస్తుంది. కోతి మెదడులో నాడీకణాలు ఒక నిర్ణయానికి వచ్చే పద్ధతి కూడా దాదాపు ఇలాంటిదే, ఒకటి పెరుగుతూ ఇంకోదాన్ని అణచడం.

నిర్ణయం అయిపోయిందని లెక్కపెట్టేవాళ్లు కూడా లేరు. కొత్త ఇంటి దగ్గర ఒకేసారి ఇరవై ముప్పై ఈగలు పోగైతే అక్కడికి వచ్చిన ఈగకి ఆ సంగతి తెలిసిపోతుంది, తిరిగొచ్చి ముద్దలోకి దూరి సన్నగా పీ పీ మని కూస్తుంది, మిగతావి రెక్కల కండరాలు వణికించి 35 డిగ్రీల దాకా వేడెక్కుతాయి, ఆ తర్వాత నిమిషంలో ముద్ద మొత్తం గాల్లో. దారి తెలిసినవి వందకి నాలుగైదు ఉంటాయేమో, అవి గుంపు పైనుంచి రయ్యిమని దూసుకుపోతూ దిక్కు చూపిస్తాయి. రాణి ఈ మొత్తం వ్యవహారంలో లగేజీ. బరువు కాబట్టి సరిగా ఎగరలేదు కూడా, మధ్యలో ఎక్కడన్నా వెనకబడితే గుంపు ఆగి వెనక్కి వస్తుంది.

కాబట్టి హైవ్ మైండ్, అంటే పట్టంతటికీ ఒకటే మెదడు అనే మాట పూర్తిగా అబద్ధం కాదు. పది వేల తలకాయలు కలిసి ఒక మెదడులాగా పనిచేస్తున్నాయి అంటే నిజమే, ఆ మెదడు ఒక తలకాయలో కూర్చుని ఉంది అంటే కాదు.

పుట్టలు చీమలు పెట్టలేదు

చీమలు పెట్టిన పుట్టలు పాములకిరవైనట్టు అని చిన్నప్పటి నుంచీ వల్లెవేసిన మాట. పాముల సంగతి కరెక్టే, పెట్టింది మాత్రం చీమలు కాదు, చెదలు. చెదలకీ చీమలకీ చుట్టరికం లేదు, చెదల దగ్గరి బంధువులు మన వంటింట్లో తిరిగే బొద్దింకలు. నాగుల చవితికి పాలు పోసే పుట్ట, తొలకరి పడగానే సాయంత్రం ట్యూబ్‌లైట్ చుట్టూ ముసురుకుని పొద్దున రెక్కలు రాల్చేసే ఉసిళ్లు, వానలకి పుట్ట మీద పొడుచుకొచ్చే పుట్టగొడుగు, మూడూ ఒకే ఇంటి సరుకు. పుట్టగొడుగు అనే మాటలోనే ఉంది చూడండి. ఈ చెదలు లోపల గదుల్లో ఒక రకం బూజుని సాగు చేస్తాయి, నమిలిన కట్టెపొట్టు మీద దాన్ని పెంచి తింటాయి, ఆ బూజే సీజన్లో గొడుగై బయటికి వస్తుంది.

ఇంత ఇల్లు కట్టడానికి మేస్త్రీ ఎవరు? 1959లో పియర్ పాల్ గ్రాసె అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఇచ్చిన జవాబు ఏంటంటే, కట్టిన గోడే మేస్త్రీ. ఒక చెద ఉమ్మి కలిపిన మట్టి ముద్ద పెడుతుంది, ఆ ముద్దే ఇంకో చెదకి ఇక్కడ పెట్టు అని చెప్పినట్టు అవుతుంది, ముద్ద మీద ముద్ద పడి స్తంభం అవుతుంది, రెండు స్తంభాలు దగ్గరైతే వంపు తిరిగి కమాను అవుతుంది. కాలనీలో ఖాళీ సైటు ఉంటే ఒకడు రాత్రి పూట చెత్త సంచీ పడేస్తాడు, పొద్దున అది చూసి రెండోవాడు అక్కడే పడేస్తాడు, పది రోజులకి అది డంపింగ్ యార్డు. మీటింగ్ ఎవరూ పెట్టలేదు, చెత్తే చెత్తని పిలిచింది. పద్ధతి అదే, ఫలితం మాత్రం చెదలది మనకంటే నీట్‌గా ఉంటుంది.

ఆ పుట్ట ఊపిరి కూడా తీసుకుంటుంది. 2015లో వచ్చిన ఒక పరిశోధనలో బెంగళూరు దగ్గర మన దేశపు చెదల పుట్టల్లోనే కొలిచి చూశారు. పగలు పుట్ట బయటి గోడలు వేడెక్కి నడుమ చల్లగా ఉంటుంది, గాలి ఒకవైపు తిరుగుతుంది, రాత్రి గోడలు చల్లబడి నడుమ వెచ్చగా ఉంటుంది, గాలి రివర్సులో తిరుగుతుంది, ఆ తిరుగుడుకే లోపలి బొగ్గుపులుసు వాయువు గోడల్లోని సన్న రంధ్రాల్లోంచి బయటికి పోతుంది. ఏసీ లేదు, కరెంటు బిల్లు లేదు, ఇంజినీరు అసలే లేడు. రాణి చెద అయితే పొట్ట ఉబ్బిపోయి కదల్లేక ఒక గదిలో గుడ్లు పెడుతూ పడి ఉంటుంది. రాణీవాసం అంటారు గానీ, చూస్తే జైలు గది.

దండుకి దండనాయకుడు లేడు

2020 మే నెలలో రాజస్థాన్ మీద మిడతల దండు వాలిన వీడియోలు దేశమంతా తిరిగినప్పుడు అనంతపురం జిల్లా రాయదుర్గంలో జిల్లేడు చెట్లకి గుత్తులుగా పట్టిన మిడతల్ని చూసి దండు ఇక్కడికీ వచ్చేసింది అని గోల అయింది. అవి జిల్లేడు మేసే లోకల్ రకం. గుంపుగా ఉన్న ప్రతిదీ దండు కాదు. 2021-22లో గుంటూరు మిర్చిని ముంచేసిన నల్ల తామర పురుగులు కూడా పూత పూతలో లెక్కలేనన్ని ఉన్నాయి గానీ, వాటిలో ఒకదానికొకటి సంబంధం లేదు, తిండి ఉన్న చోట పెరిగిన జనాభా అంతే.

ఎడారి మిడత కథ వేరు. మామూలుగా అది ఒంటరి పిల్లి, ఇంకో మిడత కనపడితే పక్కకి పోయే రకం. వానలు పడి మిడతలు పెరిగి, తర్వాత పచ్చిక ఎండి మిగిలిన కాస్త మేత దగ్గర అన్నీ ఇరుక్కుంటాయి. వెనక కాళ్లకి పక్కవాటి ఒళ్లు తగిలీ తగిలీ ఒంట్లో సెరటోనిన్ అనే రసాయనం పెరుగుతుంది, కొన్ని గంటల్లోనే స్వభావం మారి గుంపుని వెతుక్కునే పురుగు అయిపోతుంది, తర్వాత రంగు కూడా మారిపోతుంది. ఒంటరిదీ దండుదీ రెండు వేరే జాతులు కాదు, ఒకటే అని 1921లోనే బోరిస్ ఉవరోవ్ అనే శాస్త్రవేత్త చెప్పాడు (ఆయన పనిచేసింది వేరే రకం మిడత మీద), ఈ సెరటోనిన్ ముడి విడిపోయింది మాత్రం 2009లో. ఒక చదరపు కిలోమీటరు దండులో నాలుగు కోట్ల మిడతలు ఉండొచ్చు, రోజుకి 35 వేల మంది తినేంత మేస్తాయని ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ లెక్క.

సైన్యంలాగా అన్నీ ఒకవైపే ఎందుకు నడుస్తాయి అంటే కారణం అంత గొప్పది కాదు. రెక్కలు రాని పిల్ల మిడతల గుంపులో ఆకలికి ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. ఆగినదాన్ని వెనకది కొరుకుతుంది, ఎదురు తిరిగిందీ దొరికిపోతుంది, ముందుకి పోవడమే సేఫ్. దూరం నుంచి అది దండయాత్ర, దగ్గరికెళ్తే ప్రతి మిడతా వెనకదానికి భయపడి పారిపోతోంది.

తలకాయ లేని గుంపుకి దెబ్బ కూడా ఉంది. గుడ్డిగా ముందుదాని వాసన పట్టి నడిచే సైనిక చీమలు ఒక్కోసారి దారి తప్పి తమ వెనకే తాము పడి గుండ్రంగా తిరుగుతూ చచ్చిపోతాయి. విలియం బీబీ అనే అమెరికా ప్రకృతి శాస్త్రవేత్త గయానాలో చూసి 1921లో రాసిన అలాంటి వలయం చుట్టుకొలత 1,200 అడుగులు, ఒక చీమకి రౌండుకి రెండున్నర గంటలు. ఇటు కాదు అని చెప్పే నాథుడు లేడు మరి.

కథలకి చిలక కావాలి

ఏడు సముద్రాల అవతల, మర్రిచెట్టు తొర్రలో, చిలకలో మాయల ఫకీరు ప్రాణం. ఆ చిలక పీక నులిమితే ఇక్కడ ఫకీరు గిలగిల కొట్టుకుంటాడు. గుంపు పురుగుల మీద వచ్చిన చాలా ఫిక్షన్‌లో రాణి ఈగ చేసే డ్యూటీ ఈ చిలక డ్యూటీయే.

మన పురాణాల్లో గుంపు కథ పాతదే. రెండు కాళ్లవాటి చేతగానీ నాలుగు కాళ్లవాటి చేతగానీ చావు లేకుండా వరం తీసుకున్న అరుణాసురుడి మీదకి అమ్మవారు తుమ్మెదల్ని వదులుతుంది, ఆరు కాళ్లు కాబట్టి వరం పనిచెయ్యదు, దేవీ భాగవతంలో కథ ఇది, శ్రీశైలం భ్రమరాంబ పేరు వెనకున్నది ఇదే. అక్కడ పంపించేది దేవత కాబట్టి తలకాయ ఉండటం సహజం. కానీ బలవంతమైన సర్పం చలిచీమల చేత చిక్కి చావదె అన్న శతక పద్యంలో చీమలకి రాణీ లేదు, సేనాపతీ లేడు. పుట్టల విషయంలో తప్పిన అదే శతకం ఈ పాయింటు మాత్రం పట్టేసింది.

పాశ్చాత్య ఫిక్షన్ రెండు దారుల్లో పోయింది. 1901లో హెచ్.జి. వెల్స్ చంద్రుడి మీద చీమల్లాంటి సమాజాన్ని ఊహించి దాని పైన బ్రహ్మాండమైన తలకాయ ఉన్న ఒక పాలకుణ్ణి కూర్చోబెట్టాడు. 1905 నాటి ఆయన చీమల కథలో అమెజాన్ నదిలో గన్‌బోట్ కెప్టెన్ చీమల మీద ఏం చెయ్యాలో తోచక చివరికి ఫిరంగి పేల్చి వెనక్కి తిరుగుతాడు, అయినా అందులోనూ పెద్ద తలకాయల చీమలు మిగతావాటిని నడిపిస్తాయి. 1985 నాటి ఎండర్స్ గేమ్ నవలలో రాణులు పోతే పురుగుల్లాంటి గ్రహాంతర జాతి మొత్తం పోతుంది, చిలక కథకి ఇంతకంటే శుద్ధమైన వెర్షన్ లేదు. 1979 నాటి ఏలియన్ సినిమాలో కనపడని రాణి 1986 సీక్వెల్లో ప్రత్యక్షమైంది, హీరోయిన్ ఫైట్ చెయ్యడానికి ఎదురుగా ఒక మొహం ఉండాలి కదా.

అన్నిటికంటే బాగా పనికొచ్చే ఉదాహరణ స్టార్ ట్రెక్ అనే అమెరికా సీరియల్లోని బోర్గ్, అంటే ఒకే మెదడులాగా నడిచే సగం మనిషి సగం యంత్రం గుంపు. 1989లో టీవీలో వచ్చినప్పుడు వాళ్లకి నాయకుడు లేడు, ఎవరితో మాట్లాడాలో తెలియదు, బతిమాలినా బెదిరించినా వినేవాళ్లు లేరు, అసలు భయం అదే. 1996 సినిమాకి వచ్చేసరికి బోర్గ్ రాణి పుట్టింది. ఏడేళ్లలో పురుగుల సైన్సు ఏమీ మారలేదు, మారింది కథ అవసరం. డైలాగులు చెప్పడానికి ఒక నోరు కావాలి, రెండు గంటల్లో ముగించడానికి ఒక స్విచ్ కావాలి. మన దగ్గరైతే 2012లో వచ్చిన ఈగ సినిమా ఈ సమస్యని ఇంకో రకంగా దాటేసింది, గుంపే లేదు, ఒకే ఈగ, దానికి మనిషి పగ.

స్విచ్ పెట్టని కథలూ ఉన్నాయి, తక్కువ. 1964లో పోలండ్ రచయిత స్తానిస్లావ్ లెమ్ రాసిన ది ఇన్విన్సిబుల్‌లో ఒక గ్రహం మీద ఈగలంత లోహపు యంత్రాలు మబ్బులాగా లేస్తాయి, వాటికి కేంద్రం లేదు, కోపం లేదు, వచ్చిన మనుషులు చివరికి ఓడ ఎక్కి వెళ్లిపోవడమే. ప్రకృతికి ఇదే దగ్గర.

నిజం నుంచి కథకి వెళ్లి మళ్లీ నిజంలోకి తిరిగొచ్చిన భయం కూడా ఒకటుంది. 1957లో బ్రెజిల్‌లో పరిశోధన కోసం తెచ్చిన ఆఫ్రికా తేనెటీగల గుంపులు 26 తప్పించుకుని లోకల్ వాటితో కలిసిపోయాయి. వాటి సంతతి ఉత్తరానికి పాకుతుంటే 1974లో నవల, 1978లో సినిమా వచ్చేసి కిల్లర్ బీస్ అనే పేరు స్థిరపడిపోయింది, అవి టెక్సస్ చేరింది మాత్రం 1990లో, సినిమా కంటే పన్నెండేళ్లు లేటు. వాటి విషం మామూలు తేనెటీగ విషమే. తేడా ఏంటంటే అలారం వాసనకి త్వరగా, ఎక్కువ సంఖ్యలో, ఎక్కువ దూరం వస్తాయి. ప్రాణాలు తీసేది ఆ సంఖ్యే గానీ ఎవరి కుట్రా కాదు.

పున్నమి ఘాట్ డ్రోన్లు గుంపేనా

2024 అక్టోబర్ 22 రాత్రి బెజవాడ పున్నమి ఘాట్ దగ్గర కృష్ణ మీద 5,500కి పైగా డ్రోన్లు బొమ్మలు కట్టాయి, అయిదు గిన్నిస్ రికార్డులు వచ్చాయి. తేనెటీగల గుంపులా ఉంది అని చాలామంది అన్నారు. డ్రోన్ అంటేనే పోతుటీగ. 1935లో బ్రిటన్ తయారుచేసిన మనిషి లేని టార్గెట్ విమానం పేరు క్వీన్ బీ, దాని మీద నుంచే డ్రోన్ అనే పేరు వచ్చిందని చెప్తారు.

పోలిక మాత్రం తలకిందులు. సాధారణంగా ఇలాంటి షోల్లో ప్రతి డ్రోన్ ఏ సెకనుకి ఎక్కడ ఉండాలో ముందే కంప్యూటర్లో రాసేస్తారు, అవి పక్కదాన్ని చూడవు, మాట్లాడుకోవు, జీపీఎస్ చెప్పిన పాయింటుకి పోతాయి. అంటే సినిమాలు ఊహించిన తేనెపట్టు, ఒక మెదడు వేల ఒళ్లు అనేది, ప్రకృతిలో ఎక్కడా లేదు గానీ పున్నమి ఘాట్‌లో ఉంది. నిజం గుంపులాంటి యంత్రాలు కావాలంటే 2014లో హార్వర్డ్ వాళ్లు చేసిన 1,024 బుల్లి రోబోల్ని చూడాలి. ఒక్కోటీ పక్కవాటితో మాత్రమే మాట్లాడుకుంటూ కదిలి ఒక నక్షత్రం ఆకారం కట్టడానికి వాటికి సుమారు పన్నెండు గంటలు పట్టింది. అందుకే షో చేసేవాళ్లు ఆ దారిలో పోరు.

ట్యాంకు దగ్గరికి తిరిగొస్తే

తలకాయ లేదు అని తెలిస్తే చేసే పనులు మారతాయి. రాణి కోసం పట్టులో కర్ర పెట్టి వెతకడం అన్నిటికంటే ప్రమాదం. మంట పెట్టి కాల్చడం ఇంకోటి, చీకట్లో లేచిన ఈగలు వెలుతురు వైపు పోతాయి, కాబట్టి కిందనున్న ఫ్లాట్లలో ఏ హాల్లో లైటు వెలుగుతుంటే అందులోకే. అడవి తేనె తీసేవాళ్లు కొన్నిచోట్ల దివిటీని కొమ్మకి కొట్టి నిప్పురవ్వలు కింద పడేలా చేస్తారు, ఈగలు వాటి వెంట కిందకి పోతాయి, వాళ్ల ట్రిక్కే అపార్ట్‌మెంట్లో మనకి రివర్స్ కొడుతుంది. పట్టు తీయించక తప్పదనుకుంటే పని తెలిసినవాళ్ల చేత, ఆ పూట బాల్కనీ లైట్లు ఆపి, కిటికీలు మూసి తీయించాలి.

దాడి మొదలైతే చేతులు ఊపడం, చంపడం కాదు, మొహం కప్పుకుని ఆగకుండా పరిగెత్తి గదిలోకో కారులోకో దూరి తలుపేసుకోవాలి. కాలవలోకి దూకితే తల పైకెత్తేదాకా పైనే తిరుగుతాయి. ముల్లు ఎలా తీశారన్నది కాదు, ఎంత త్వరగా తీశారన్నదే ముఖ్యం, గోటితో గీకినా సరే. ఎక్కువ చోట్ల కుట్టినా, ఊపిరి ఆడకపోయినా, మొహం ఉబ్బినా ఆస్పత్రికి పరుగే.

ఏమీ చెయ్యకపోతే? కొండ తేనెటీగలు వలస పురుగులు, పూతలు అయిపోతే అవే లేచిపోతాయి. అయితే వచ్చే ఏడు అదే ట్యాంకు కిందకి మళ్లీ రావడం వాటికి అలవాటు, అందుకే ఖాళీ అయ్యాక మిగిలిన మైనం గీకేయడం, ఆ మూలకి వల కట్టడం పనికొస్తాయి. స్కూటీ హ్యాండిల్ మీద వాలిన ముద్ద అయితే అంత కూడా అక్కర్లేదు. పిల్లల్ని దూరంగా ఉంచి, ఆ బండి జోలికి పోకుండా ఆటోలో ఆఫీసుకి పోతే, ఓటింగు తెమిలిన గంటల్లోనో మహా అయితే రెండు మూడు రోజుల్లోనో అది గాల్లోకి లేస్తుంది, హ్యాండిల్ మీద కాసిని తెల్లటి మైనం మరకలు మిగులుతాయి.